తిరుపతిలో బాడుగ కోసం మొదటి ఇల్లు: ఫ్లాటా, పోర్షన్ల మిద్దా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. తిరుపతిలో ఉంటూ కంపెనీ బస్సులో రోజూ శ్రీసిటీకి వెళ్లొస్తున్నారు. చేతిలో 18 లక్షలున్నాయి. బ్యాంకు 30 లక్షల దాకా లోను ఇస్తానంటోంది. ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు 45 లక్షలకు డబుల్ బెడ్రూం ఫ్లాటు చూశారు, బాడుగ 13 వేలు వస్తుందని బ్రోకరు చెప్పాడు. కొర్లగుంటలో అదే ధరకు మూడు పోర్షన్ల పాత మిద్దె ఒకటి ఉంది. నాన్నగారేమో మంగళం వైపు స్థలం కొనమంటున్నారు. ఏది కొనాలి, కొన్నాక ఎలా చూసుకోవాలి అని మీ ప్రశ్న.

పోర్షన్ల మిద్దె కొనండి. కానీ 45 లక్షలది వద్దు, అంతకంటే చిన్నది చూడండి. ఎందుకో లెక్కతోనే మొదలుపెడతాను. చాలామంది ఇల్లు నచ్చాక లెక్క వేస్తారు, అప్పటికి మనసు ఇంటి వైపే మొగ్గి ఉంటుంది కాబట్టి లెక్క కూడా అటే మొగ్గుతుంది.

మన రాష్ట్రంలో కొనుగోలు రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, మొత్తం ఏడున్నర శాతం. 45 లక్షల మీద అది 3 లక్షల 37 వేలు. ఈ ఖర్చును బ్యాంకు లోనులో కలపదు, మీ చేతి నుంచే పోవాలి. 18 లక్షల్లో అది తీసేస్తే మీకు మిగిలేది 14 లక్షల 63 వేలు. లోను 30 లక్షలైతే మీరు కట్టాల్సింది 15 లక్షలు. అంటే మిద్దెకైనా ఫ్లాటుకైనా మీ డబ్బు ఇప్పటికే చాలడం లేదు. లాయరు ఫీజు, బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు, రంగులు, మోటారు మరమ్మతు, మొదటి బాడుగదారు వచ్చేదాకా ఖాళీగా ఉండే నెలలు ఇంకా ఈ లెక్కలోకి రానేలేదు. ఆ తక్కువపడిన డబ్బుకు పర్సనల్ లోను తీసుకునేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

ఇక ఫ్లాటు సంగతి. నెలకు 13 వేలంటే ఏడాదికి 1 లక్షా 56 వేలు. ఏడాదికి ఒక నెల ఖాళీ ఉంటుందనుకోండి, 1 లక్షా 43 వేలు. ఇంటి పన్ను, ఖాళీ నెలలో మెయింటెనెన్స్, రంగులకూ రిపేర్లకూ పక్కన పెట్టేది కలిపి ఇరవై వేలు తీసేయండి. మిగిలేది సుమారు 1 లక్షా 23 వేలు. మీరు పెట్టింది రిజిస్ట్రేషన్‌తో కలిపి 48 లక్షల పైమాటే. అంటే రాబడి రెండున్నర శాతం. ఎనిమిదిన్నర శాతం వడ్డీతో 20 ఏళ్లకు 30 లక్షల లోను తీసుకుంటే నెల కంతు 26 వేలు, మొదటి ఏడాది వడ్డీయే రెండున్నర లక్షలు. వడ్డీలో సగం కూడా బాడుగతో తీరదు. నెలనెలా దాదాపు 16 వేలు మీ జీతంలోంచి ఆ ఫ్లాటుకు పోతాయి.

ఇప్పుడు 36 లక్షల చిన్న మిద్దె ఒకటి దొరికిందనుకుందాం. కింద రెండు పోర్షన్లు, ఒక్కోటి 6,500. పైన గది, వంటగది, 4,500. నెలకు 17,500. ఒక నెల బాడుగ ఖాళీకి వదిలేసి, పాత ఇల్లు కాబట్టి రిపేర్లకు 30 వేలు, పన్నూ మోటారు కరెంటూ కలిపి 10 వేలు తీసేస్తే ఏడాదికి లక్షన్నర మిగులుతుంది. రిజిస్ట్రేషన్ 2 లక్షల 70 వేలు. మీ 18 లక్షల్లో 2 లక్షలు రిపేర్ల కోసం ముట్టుకోకుండా ఉంచినా 13 లక్షల 30 వేలు ఇంటికి పెట్టగలరు. లోను 22 లక్షల 70 వేలు, కంతు 19,700. మీ జీతంలోంచి నెలకు పడేది 7 వేలు. రాబడి నాలుగు శాతానికి దగ్గర. ఇదీ గొప్ప రాబడి కాదు, అది తెలిసే దిగండి. బాడుగతోనే కంతులు తీరిపోతాయని చెప్పే ఏ మాటనూ తిరుపతిలో నమ్మవద్దు. కానీ 7 వేలు మోయగల బరువు. ఒక పోర్షన్ ఖాళీ అయినా మిగతా రెండూ నడుస్తుంటాయి. ఫ్లాటు ఖాళీ అయితే ఆ నెల రాబడి మొత్తం సున్నా.

ఇంకో తేడా నేల. ఫ్లాటు కొంటే మీకొచ్చేది ఆ స్థలంలో అవిభాజ్య వాటా మాత్రమే. అది ఎన్ని అంకణాలో బ్రోకరును అడగండి, అప్పుడు ధర వేరుగా కనిపిస్తుంది. మిద్దె పాతబడినా దాని కింది నేల మొత్తం మీది. అంకణం మాట వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త. తిరుపతిలో అంకణం అంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. 2022లో జిల్లాలు మారాక సూళ్లూరుపేట కూడా మన జిల్లాలోకి వచ్చింది, అటువాళ్లూ ఇక్కడ కొంటున్నారు, అమ్ముతున్నారు. ఏ అంకణమో తేల్చుకోకుండా ధర మాట్లాడవద్దు. అగ్రిమెంటులో చదరపు గజాల్లో రాయించండి.

నాన్నగారి మాటలో తప్పేమీ లేదు, కాకపోతే అది వేరే పని. స్థలం బాడుగ ఇవ్వదు, ఖాళీ స్థలానికి పన్ను కట్టాలి, ప్రహరీ లేకపోతే పక్కవాడు జరుగుతాడు. మీరు అడిగింది నెలనెలా వచ్చే ఆదాయం గురించి కాబట్టి దాన్ని పక్కన పెడుతున్నాను.

అసలు నేను చెప్పదలచుకున్నది ఇదీ: ముందు బాడుగదారును వెతకండి, తరువాత అతనికి తగిన ఇల్లు వెతకండి. తిరుపతిలో బాడుగకు ఉండేవాళ్లు ఒక రకం కాదు. రుయా, స్విమ్స్ ఆసుపత్రుల దగ్గర నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, రెసిడెంట్ డాక్టర్లు ఉంటారు. నైట్ డ్యూటీ దిగి నడిచి ఇంటికి చేరాలనుకుంటారు, అందుకు ఐదారు వందలు ఎక్కువైనా ఇస్తారు. ఎస్వీ యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ చుట్టూ చదువుకునే పిల్లలు, పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్లు. వాళ్లు తలకింత అని లెక్క వేసుకుంటారు, వేసవిలో ఖాళీ చేస్తారు. కరకంబాడి రోడ్డులో అమర రాజా, రేణిగుంట వైపు ఎలక్ట్రానిక్స్ కంపెనీలు, రైల్వే వాళ్లు. మీలాగా శ్రీసిటీ బస్సు ఎక్కేవాళ్లకు బస్సు ఆగే చోటుకు దగ్గరగా ఇల్లుంటే చాలు, తెల్లవారకముందే లేచి పోయేవాళ్లకు ఆ పదినిమిషాల నడక తగ్గడమే పెద్ద సౌకర్యం. ఈ చివరి రకం బాడుగదారు గురించి మీకు నాకంటే ఎక్కువ తెలుసు. మీ బస్సులో కూర్చునేవాళ్లలో ఎంతమంది బాడుగకు ఉన్నారు, ఎంత కడుతున్నారు, ఇంట్లో ఏది లేక బాధపడుతున్నారు, అడగండి. ఏ బ్రోకరూ ఇవ్వలేని సమాచారం అది.

ఐఐటీ వచ్చింది, ఐసర్ వచ్చింది అని ఏర్పేడు వైపు ప్లాట్లకూ ఫ్లాట్లకూ ప్రకటనలు చూస్తుంటారు. రెండూ 2015లో మొదలయ్యాయి, మంచి సంస్థలు. కానీ విద్యార్థులు క్యాంపస్ హాస్టళ్లలోనే ఉంటారు. పేరు పెద్దదైనంత మాత్రాన బాడుగదారులు వచ్చేసినట్లు కాదు. ఒక ఆదివారం మీరనుకున్న వీధుల్లో నడవండి. టూలెట్ బోర్డులు చూసి ఫోను చేయండి, బాడుగ ఎంత, ఎన్నాళ్లుగా ఖాళీ అని అడగండి. నెల తరువాత మళ్లీ అదే వీధిలో నడవండి. అవే బోర్డులు అక్కడే ఉంటే ఆ వీధి గురించి మీకు తెలియాల్సింది తెలిసినట్టే.

యాత్రికులకు రోజువారీ బాడుగకు ఇస్తే నెలకు రెండింతలు వస్తుందని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవుల్లో గదులు దొరకని మాట నిజం. కానీ రైలు దిగి రాత్రి రెండింటికి తాళం అడుగుతారు. రోజూ దుప్పట్లు ఉతకాలి, గది కడగాలి, ఆధార్ చూసి పేర్లు రాసుకోవాలి, విదేశీయులు వస్తే 24 గంటల్లో అధికారులకు తెలియజేయాలి. కరెంటు కనెక్షన్, ఇంటి పన్ను వాణిజ్య లెక్కలోకి మారాల్సి రావచ్చు. అపార్టుమెంటైతే పక్క ఫ్లాట్ల వాళ్లు ఒప్పుకోరు, వాళ్ల అభ్యంతరంలో న్యాయముంది. అది లాడ్జి నడపడం. ఉద్యోగం చేస్తూ, మొదటి ఇంటితో అందులోకి దిగవద్దు.

ఇక కాగితాలు. ఈ ఊళ్లో అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ ఇక్కడే కావాలి. 1843 నుంచి 1933 దాకా తిరుమల ఆలయ నిర్వహణ హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉండేది. తరువాత దేవస్థానం ఏర్పడింది. అందువల్ల తిరుపతి చుట్టుపక్కల మఠం భూములు, దేవస్థానం భూములు చాలా ఉన్నాయి. వాటికి తోడు చెరువు పోరంబోకు, అంటే ప్రభుత్వ చెరువు నేల, డీకేటీ పట్టా భూములు, అంటే పేదలకు ప్రభుత్వం ఇచ్చినవి. వీటిలో చాలాచోట్ల ఇళ్లు లేచాయి, కరెంటు మీటర్లున్నాయి, ఇంటి పన్ను రసీదులున్నాయి, కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. అయినా ఆ నేలను అమ్మే హక్కు వాళ్లకు ఉండదు. పన్ను రసీదు యాజమాన్య పత్రం కాదు, కరెంటు బిల్లు అసలే కాదు. డీకేటీ భూమి అమ్మకాన్ని 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం నిషేధించింది. దాని చుట్టూ ఎన్ని సవరణలు వచ్చినా, మొదటిసారి కొనేవారు అందులో తల దూర్చకూడదు.

మీరు చేయాల్సింది: సర్వే నంబరు తీసుకుని రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 22ఏ నిషేధిత జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా, చూడండి. ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) కనీసం 30 ఏళ్లకు తీయండి. ఆన్‌లైన్‌లో దొరకని పాత కాలానిది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి. ఈసీలో కనిపించిన ప్రతి లావాదేవీకీ లింకు డాక్యుమెంటు, అంటే అప్పటి రిజిస్ట్రేషన్ పత్రం, చేతికి రావాలి. "నోటరీ మీద రాసిస్తాం, ఇక్కడ అందరూ అలాగే కొన్నారు" అనే మాట వినిపిస్తే అక్కడితో మాట ఆపేయండి, ధర ఎంత తక్కువైనా సరే. బ్యాంకు లాయరు చూస్తాడు కదా అని ఊరుకోకండి, ఆయన చూసేది బ్యాంకు కోసం. మీ తరఫున వేరే లాయరుకు కొన్ని వేలు ఇవ్వండి. ఈ లావాదేవీ మొత్తంలో దానికంటే మంచి ఖర్చు మరొకటి ఉండదు.

పాత మిద్దెలకు ఇంకో చిక్కు వారసులు. పెద్దాయన పోయాక ఇద్దరు కొడుకులు అమ్ముతుంటారు, చెన్నైలోనో బెంగళూరులోనో ఉన్న ఆడబిడ్డ గురించి మాట రాదు. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు సమాన హక్కు దేశమంతటా 2005లో రావడానికి ముందే, 1985 సెప్టెంబరు నుంచే, అప్పటికి పెళ్లికానివాళ్లకు ఉంది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అడగండి, అందులోని ప్రతి ఒక్కరూ సంతకం పెట్టాలి. "చెల్లెలికి పెళ్లప్పుడే ఇచ్చేశాం" అంటే రిజిస్టరైన హక్కు విడుదల పత్రం చూపించమనండి.

ప్లాను సంగతి కూడా చూడండి. కింది అంతస్తుకు అనుమతి ఉండి పైగది ఊరికే కట్టి ఉంటుంది, బ్యాంకు ఆ గదికి విలువ కట్టదు, అప్పుడు లోను తగ్గుతుంది. కాబట్టి అడ్వాన్సు ఇచ్చేముందే ఆ ఇంటికి ఎంత లోను వస్తుందో బ్యాంకు నుంచి తెలుసుకోండి. అగ్రిమెంటులో లోను రాకపోతే అడ్వాన్సు వాపసు అని రాయించండి.

ఇల్లు చూడాల్సిన కాలం అక్టోబరు, నవంబరు. మనకు పెద్దవానలు ఈశాన్య రుతుపవనాలవి. 2021 నవంబరు వరదల్లో ఊళ్లో ఏయే వీధులు మునిగాయో అక్కడివాళ్లకు గుర్తుంది. అమ్మేవాడిని అడగవద్దు, ఎదురింటివాళ్లను అడగండి, నీళ్లు గడప దాటాయా అని. ఎండాకాలంలో చూస్తే గోడలకు కొత్త రంగు ఎక్కడ వేశారో గమనించండి, మిద్దె మీదికెక్కి వాన నీళ్లు ఎటు పోతాయో చూడండి. మున్సిపల్ కొళాయి ఎన్ని రోజులకొకసారి వస్తుంది, ఏప్రిల్‌లో బోరు ఎండుతుందా, ట్యాంకరు వీధిలోకి వస్తుందా, ఇవి కూడా పక్కింటి ఆడవాళ్లనే అడగాలి. నీళ్లు లేని ఇంటికి బాడుగదారులు వస్తారు, కానీ నిలవరు.

ప్రతి పోర్షన్‌కూ వేరే కరెంటు మీటరు ఉందా చూడండి. స్లాబుల లెక్క కాబట్టి ముగ్గురి వాడకం ఒకే మీటరు మీద పడితే యూనిట్ ధర పెరుగుతుంది, ఎవరి వాటా ఎంత అని నెలనెలా గొడవ. ఒక్కటే ఉంటే కొన్న వెంటనే ఎస్పీడీసీఎల్‌లో దరఖాస్తు పెట్టుకోండి. మోటారుకూ మెట్ల లైటుకూ అయ్యే కరెంటు మీరే భరించి బాడుగలో కలిపేయండి. ఇక మరుగుదొడ్డి. ప్రతి పోర్షన్‌కూ లోపలే ఉండాలి. బయట ఉమ్మడిగా ఉంటే కుటుంబాలు ఆ ఇంట్లోకి రావు, వచ్చినా ఏడాది తిరక్కముందే పోతాయి. ఇంటికి పెట్టే మొదటి ఖర్చు దానికే పెట్టండి, రంగులు తరువాత.

బాడుగదారును ఎంచుకునేటప్పుడు మన ఊళ్లో చాలామంది ఇంటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న కులం, రెండోది ఏం తింటారని. ఆ ప్రశ్నలు అడగకండి. అది అన్యాయం. పైగా నెలనెలా సమయానికి బాడుగ కట్టే ఒక నర్సునో, రైల్వే ఉద్యోగినో మీరే గుమ్మంలోంచి వెనక్కి పంపినట్టవుతుంది. అడగాల్సినవి వేరే: ఎక్కడ పని చేస్తారు, పాత ఇంటివాళ్ల ఫోను నంబరు ఏది, అక్కడ ఎందుకు ఖాళీ చేస్తున్నారు. పాత ఇంటివాళ్లకు తప్పకుండా ఫోను చేయండి. ఆధార్ కాపీ, కంపెనీ గుర్తింపు కార్డు కాపీ తీసుకోండి. బాడుగ బాకీ పెట్టే మనిషి మొదటి రోజే అడ్వాన్సు సగం ఇప్పుడు, సగం వచ్చే నెల అంటాడు. ఆ మాటకు ఒప్పుకోకపోవడమే మేలు. ఎవరూ దొరకలేదన్న తొందరలో తాళం ఇచ్చేకంటే ఒక నెల ఖాళీగా ఉంచడం నయం.

అడ్వాన్సు రెండు మూడు నెలల బాడుగ చాలు. ఆ డబ్బు మీది కాదు, దాన్ని వేరే ఖాతాలో ఉంచండి, ఖాళీ చేసిన రోజునే లెక్క చూసి ఇచ్చేయండి. వీధిలో మీకు మంచిపేరు తెచ్చేది ఈ ఒక్క పనే, తరువాతి బాడుగదారును తెచ్చిపెట్టేది కూడా వెళ్లినవాళ్లే. కొందరు లీజు అని మూడు నాలుగు లక్షలు ఒకేసారి ఇచ్చి బాడుగ లేకుండా ఉంటామంటారు. మీకు కంతు కట్టడానికి నెలనెలా డబ్బు కావాలి, కాబట్టి వద్దు. తీసుకున్న మొత్తం ఖర్చయిపోయాక తిరిగి ఇవ్వడం ఎంత కష్టమో చాలా ఇళ్లలో చూస్తున్నాం.

అగ్రిమెంటు మామూలుగా 11 నెలలకు రాస్తారు. కానీ ఏ నెలలో ముగుస్తుందో ఎవరూ ఆలోచించరు. మనవాళ్లు ఆషాఢంలో, పుష్యంలో కొత్త ఇంట్లో పాలు పొంగించరు. ఇక్కడ తమిళ సంప్రదాయం వాళ్లు ఆడి, మార్గళి చూస్తారు. జూన్ చివర ఎవరైనా ఖాళీ చేస్తే శ్రావణం దాకా తాళం వేసుకోవాల్సిందే. కాబట్టి మొదటి అగ్రిమెంటును ఏడు నెలలకో తొమ్మిది నెలలకో రాసుకున్నా సరే, ముగింపు ఏప్రిల్, మే నెలలకు వచ్చేలా చూసుకోండి. బడులు తెరిచేలోపు ఇల్లు మారాలనుకునే కుటుంబాలు అప్పుడే తిరుగుతుంటాయి. ఖాళీ చేయాలంటే ఇరువైపులా రెండు నెలల ముందు చెప్పాలని రాయండి.

బాడుగ పెంపు ఏటా 5 శాతం అని మొదటే రాసుకోండి. కానీ మంచి కుటుంబం ఉండి, ఇంటిని తమదిగా చూసుకుంటుంటే ఒక ఏడాది పెంచకపోయినా మీకు నష్టం లేదు. 6,500 మీద 5 శాతం అంటే నెలకు 325, ఏడాదికి 3,900. ఒక నెల ఖాళీ అయితే పోయేది 6,500, పైగా రంగుల ఖర్చు.

ఆదివారం ఒక్కటే మీకు తీరిక కాబట్టి ఒక ప్లంబరును, ఒక ఎలక్ట్రీషియన్‌ను ముందే కుదుర్చుకోండి, ఆ వీధికి దగ్గరలో ఉండేవాళ్లను. మోటారు కాలిపోతే మీరు శ్రీసిటీ నుంచి వచ్చేదాకా ముగ్గురి ఇళ్లలో నీళ్లుండవు. నేరుగా వాళ్లకే ఫోను చేయమని బాడుగదారులకు చెప్పి, వెయ్యి రూపాయల లోపు పని మీ అనుమతి లేకుండా చేయించుకోవచ్చనండి. బిల్లు ఫోనులో పంపితే డబ్బు వేయండి. వానలకు ముందు, సెప్టెంబరులో ఒకసారి మిద్దె మీద పగుళ్లు చూసుకుని మూయించండి. ఆ పని వదిలేస్తే నవంబరులో కింది గది పైకప్పుకు చెమ్మ దిగుతుంది.

బాడుగ ఖాతాలోకే తీసుకోండి. ఇంటి పన్ను ఏడాదిది మొత్తం ఏప్రిల్ 30లోపు కడితే 5 శాతం రాయితీ వస్తుంది. ఆదాయపు పన్నులో, వచ్చిన బాడుగలోంచి మీరు కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం ఖర్చుల కింద మినహాయిస్తారు, రసీదులతో పనిలేదు. లోను వడ్డీ కూడా తీసేయవచ్చు. అయితే వడ్డీ బాడుగను మించి నష్టం వస్తే, కొత్త పన్ను విధానంలో ఆ నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోలేరు. పాత విధానంలో 2 లక్షల దాకా తగ్గించుకోవచ్చు. బాడుగ తక్కువ, లోను ఎక్కువ ఉన్న ఆ ఫ్లాటు విషయంలో బ్రోకరు చెప్పే "పన్ను కలిసొస్తుంది" అన్న మాటను ఇది గుర్తుపెట్టుకుని వినండి.

ఇప్పటికి కొర్లగుంట ఇంటికే వెళ్లి సర్వే నంబరు, లింకు డాక్యుమెంట్ల నకళ్లు అడగండి. ధర తగ్గించే మాట తరువాత. నకళ్లు ఇవ్వడానికి వెనకాడితే ఆ ఇల్లు వదిలేయండి. ఇస్తే, 22ఏ జాబితా చూసి, ఈసీ తీసి, మూడు పోర్షన్లలో ఇప్పుడున్నవాళ్లు ఎంత కడుతున్నారో, ఎన్నేళ్లుగా ఉన్నారో, మీటర్లు ఎన్ని ఉన్నాయో కనుక్కుని రాయండి. 45 లక్షల ఇంటికి ఎంత దాకా ఇవ్వవచ్చో, లేదా ఆ వీధిలోనే చిన్నది చూడాలో అప్పుడు లెక్క వేసి చెబుతాను.